చెయ్యి తగిలే చోటు

ఒప్పందంలో పదకొండో పేరా చిన్న అక్షరాల్లో ఉంటుంది.
కళ్ళజోడు నుదుటి మీంచి దించి
గెర్లిండ్ పోలె నాకే చదివి వినిపించింది,
నాకు తెలియనట్టు.
"అద్దెకున్నవారి చెయ్యి తరచుగా తగిలే వస్తువులు:
కుళాయి, తలుపు గడియ, స్విచ్చి, కిటికీ పిడి.
వాటి చిన్న మరమ్మతు అద్దెకున్నవారిదే,
ఒక్కోసారికి వంద యూరోలు దాటనంత వరకు."

దాటితే మొత్తం ఇంటాయనది.
దాటిన నాలుగు యూరోలు కాదు, మొత్తం.
ఇరవై రెండేళ్ళుగా ఈ లైప్‌సిగ్‌లో గొట్టాలు బిగిస్తున్నాను,
ఈ ఒక్క వాక్యం పెట్టినన్ని తగాదాలు
తుప్పు కూడా పెట్టలేదు.

గోడ లోపల పోయే నీళ్ళు ఆయనవి.
గోడ దాటి కుళాయి ముక్కున వేలాడే బొట్టు ఈవిడది.
మధ్యలో రెంచి పట్టుకుని నేను.

మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
ఇత్తడి కుళాయి, ఎడమ పిడి మీద పింగాణీ బిళ్ళ,
బిళ్ళ మీద వేడినీళ్ళ గుర్తుగా ఒక్క అక్షరం,
సగం అరిగింది, మిగతా సగం నీలం.
కార్ఖానా మూసేసేదాకా
కప్పుల అంచులకు నీలిరంగు వేసేదట.
సాయంత్రం ఇంటికి రాగానే ముందు ఆ పిడే తిప్పేదట,
ముప్పై ఒక్క ఏళ్ళు.
పింగాణీ సన్నపగుళ్ళలోకి దిగిపోయి
సబ్బుకి లొంగని నీలం.

చూడ్డానికి మొదటిసారి వచ్చినప్పుడు
వీలాండ్ కాష్ అన్నాడట:
ఇది మరక. మరకంటే నష్టం. నష్టమంటే మీది.
రెండోసారి అన్నాడట: సరే, అరుగుదల.
అరుగుదల అద్దెలోనే కలిసి ఉంటుందని
ఎవరో చెప్పి ఉంటారు పాపం.

విప్పి చూశాను.
బయట చెయ్యి అరగదీసింది,
లోపల సున్నపు నీళ్ళు అరగదీశాయి.
ఎవరిదెంతో తేల్చే కొలబద్ద నా పెట్టెలో లేదు.
వాషరు మార్చాను, ఆగలేదు.
మర పోయింది. పీఠం పోయింది.
కొత్త కుళాయి, రానూపోనూ, ముప్పావుగంట పని, పన్ను:
నూట నాలుగు యూరోల అరవై.

ఫోను మోగింది. కాష్.
వెనక బస్సు తలుపులు మూసుకుంటున్న చప్పుడు.
ఊరి బస్సు నడుపుతాడు ఆయన.
పిన్ని పోతూ రాసిచ్చిన ఇల్లు,
దాంతోపాటే రాసిచ్చిన పైకప్పు అప్పు.
"తొంభై తొమ్మిదికి దించు, నీ సంగతి నేను చూసుకుంటాను"
అన్నాడు, బతిమాలుతున్నట్టూ తిడుతున్నట్టూ.

నేను తగ్గిస్తే తొంభై తొమ్మిది ఆవిడకి చేతిచమురు.
తగ్గించకపోతే నూట నాలుగు ఆయనకి చేతిచమురు.
అయిదు యూరోల అరవై మీద
రెండు ఇళ్ళు మొగ్గుతున్నాయి.

ఆవిడ వినేసింది.
వంటగది చిన్నది, కాష్ గొంతు పెద్దది.
ఉన్నదున్నట్టు రాయి అంటుందనుకున్నాను.
"తొంభై తొమ్మిదే రాయి," అంది.
"డబ్బు నాదైతే ఈ పాత పిడి నాదవుతుంది కదా?"

పదకొండో పేరా మళ్ళీ చదివాను, ఈసారి నేనే.
బాగుచేసే ఖర్చు గురించి ఉంది.
తీసేసినదాని గురించి లేదు.
నాకు తెలిసినంతలో అది ఇంటిది, ఇల్లు ఆయనది,
డబ్బు ఎవరిచ్చినా.

నూట నాలుగు అరవై అనే రాశాను.
కాష్ పేరు మీద.
కింద, పన్ను గీతకి దిగువన,
సీసపు గొట్టాలకి వాడే ముద్ర ఒకటుంది నా దగ్గర, అది వేశాను:
పాత సామాను, తుక్కు, విలువ లేదు.
తుక్కు పారేసే బాధ్యత నాది,
అది మాత్రం ఎవరూ కాదనరు.
ఆవిడ బల్ల మీద, రొట్టెల పళ్ళెం పక్కన పారేసి
పెట్టె ఎత్తుకున్నాను.

రెండో అంతస్తు దాకా వినబడుతూనే ఉంది
కొత్త కుళాయి:
తిప్పి, ఆపి, ఎటో తెలియక మళ్ళీ తిప్పి.
కాష్‌కి ఇంకా ఫోను చెయ్యలేదు.