నీలం గీత లోపల

సర్వే కాయితంలో మా ఊరు లేదు.
ఊరుండే చోట నీలం రంగు పూసినారు.
పదమూడు ఇండ్లు, ఒక బోరింగు,
పదకొండు రేషను కార్డులు,
మా మేనమామ గుడ్డి మేక,
అన్నీ నీళ్ళకిందే.

యంత్రం మోసుకొచ్చిన పిల్లోడు
తుమ్మచెట్టు నీడలో చెమట తుడుచుకుంటా అడిగినాడు:
ఎన్నేండ్ల నుంచి ఉండారమ్మా ఈడ?

మా జేజికి ఏండ్లు తెలీవు. కలుజు తెలుసు.
నెమిలేరి చెరువు నిండి కలుజు మీద పారింది
ఆమె ఎరుకలో తొమ్మిదిసార్లు.
రెండో పారుడికి పెండ్లి.
నాలుగోదానికి మా నాయన పుట్టినాడు,
మోకాల్లోతు నీళ్ళలో, మంచం మీద.
ఆరోసారి జేజినాయన పోతే
పూడ్చను పొడినేల దొరక్క
కొండదాకా మోసినారు.
నేను పుట్టింది చెరువడుగు నెర్రెలిచ్చిన కాలంలో.
జేజి లెక్కలో నాకు ఏడాది లేదు.

రాసుకో నాయనా, అనింది జేజి.
పడమట గుండ్లకొండ. దాన్నించి దిగేది మూగవంక,
వొచ్చేటప్పుడు సద్దుండదు,
వొచ్చినాక మనకు మాటుండదు.
తూరుపున కట్ట. కట్టకు తూములు మూడు.
పెద్దతూము రెడ్ల కయ్యలకు,
నడిపితూము నాయుళ్ళ చెరుకుకు,
గుడ్డితూము ఎవరిదో ఎవరికీ తెలీదు,
దాన్లో కొర్రమీను గుడ్లు పెడతాది, అంటే మాదే.
తెల్లారి మంచు లేకుంటే దక్షిణాన నగరి ముక్కుకొండ,
ఎల్లకిల పండుకున్న మనిషి మాదిరి.
ఉత్తరాన పుత్తూరు బస్సు.

అది దిక్కు కాదవ్వా, అన్నాడు పిల్లోడు.
ఏడింటికొస్తాది, అనింది జేజి,
చేపలగంప దాన్లోనే పోవాల.

పెద్దతూము రాతిమీద అక్షరాలుండాయి.
ఒకసారి తిరుపతి నుంచి ఒక సారు వొచ్చి
పిండి పూసి చదివినాడు:
ఎవురో దొర, ఎవురో దొరసాని, పది పుట్ల నేల,
దీన్ని చెరిపినోళ్ళకు గోహత్య పాపం.
తవ్వినోళ్ళ పేర్లు లేవా సారూ, అనడిగినాను.
జేజి నా వీపున ఒకటి చరిచింది.
పేరుంటే శిస్తుంటాది, నోరుముయ్యి.

ఇంకొకటుంది. దాన్ని ఏ రాతిమీదా చెక్కలేదు.
ఆ కార్తీకం వాన పద్దినాలు విడవలా.
కట్ట నడుమ బుగ్గ పుట్టింది.
దిగవూళ్ళన్నీ పెట్టెలు నెత్తినెత్తుకుని గుట్టెక్కినాయి.
జీపులు, టార్చిలైట్లు, ఇసకమూటలు, మైకు.
నీళ్ళు ఈపక్క ఏ నోట్లోకి దూరతా ఉండాయో
ఏ లైటుకూ కనపళ్ళా.
మా మామ పోలయ్య నడుముకు మోకు కట్టుకుని దిగినాడు.
కండ్లతో కాదు, అరికాళ్ళతో వెతికినాడు.
నీళ్ళు కాలిని పీల్చే చోట
వరిగడ్డి మోపు తోసినాడు, పాత పరుపు తోసినాడు,
చాలక మా ఇంటి తలుపు తెమ్మన్నాడు.

తెల్లారి పేపర్లో:
అధికారుల అప్రమత్తతతో తప్పిన ముప్పు.
బొమ్మలో ఇసకమూటలు బాగా పడినాయి.
మామకు ఎడమచెవి ఆపొద్దే పోయింది.
పోలేదబ్బా, చెరువొచ్చి దాన్లో కూచునింది, అంటాడు.
తలుపు ఇంకా కట్టలోనే ఉండాది.
మా వాకిలికి చీర.

పొద్దువాలతా ఉంటే పిల్లోడు నాచేతికి కర్ర ఇచ్చినాడు,
కదలకుండా పట్టుకో అక్కా, పైనుంచి ఉపగ్రహాలు చూస్తా ఉంటాయి.
మా పొయ్యికాడ నిలబడినాను.
యంత్రం కుయ్యిమనింది.
ఏం పడింది, అన్నా.
చెరువు, అన్నాడు, నావైపు చూడకుండా.

కూలి మూడొందలు. సంతకం చెయ్యమన్నాడు.
మానికల పెంచలమ్మ, అని రాసినాను.
ఊరు అనే గడికాడ పెన్ను ఆగింది.
చేపలు కడిగిన చెయ్యి, ఇంకా తడి.
రాసినాను ఏందో.
సిరా పాకి గడి దాటింది.
ఆరకముందే మడిచి
జోబులో పెట్టుకున్నాడు.