రెండు గంటలు వెనక

కెమిలో డిసెంబరు పగలు
రెండు కాకముందే ముగిసిపోతుంది.
వంటింటి బల్ల మీద పసుపెక్కిన అమీగా,
పక్కన స్క్రూలు పోసుకున్న కాఫీ సాసరు.
టార్చి పట్టుకోవడం నా పని.
మిగతాదంతా సినిక్కా పని.

ముప్ఫైమూడేళ్ళ కిందట
కాగితపు మిల్లు బోనసుతో కొన్నది.
మూడిళ్ళు మారింది మాతో.
ఒక చలికాలమంతా పడవల షెడ్డులో
వలల కింద పడుకుంది.
గడియారపు బ్యాటరీ ఎప్పుడో కారిపోతే
దూదిని వెనిగర్‌లో ముంచి తుడిచింది సినిక్కా,
పసిపిల్ల చెవి తుడిచినంత నెమ్మదిగా.

మీట నొక్కిన ప్రతిసారీ
డెబ్భై ఎనిమిది జనవరి ఒకటిన మేలుకుంటుందది,
తాను పుట్టడానికి పద్నాలుగేళ్ళ ముందు.
అప్పుడే ఎందుకని అడిగాను.
"ఎక్కడో ఒకచోట మొదలెట్టాలిగా" అంది.

ఎడమ పక్క చీలికలో
పేకముక్కంత నెట్‌వర్క్ కార్డు పెట్టింది.
యంత్రం దాన్ని గుర్తుపట్టలేదు.
జ్ఞాపకశక్తి ఎక్కువైందట.
ఎనిమిది మెగాబైట్లలో నాలుగు వదులుకుంటే తప్ప
ఆ చీలికలో ఎవరున్నారో దానికి కనబడదట.
గోటితో ఒక బుల్లి జంపర్ పీకి
అప్రాన్ జేబులో వేసుకుంది.
సగం మరిచిపోయాక, కనబడింది.

అలకగానే పండగైపోతుందా?
సాఫ్ట్‌వేర్ రెండు ఫ్లాపీల్లో రావాలి.
మొదటిది చదివింది, గరగరమంటూ,
వరిమరలో రాయి పడ్డట్టు.
రెండోది సగంలో ఆగి
తెర నల్లబడి, ఎర్రగీతల పెట్టె ఒకటి
వెలిగి, ఆరి, వెలిగింది:
గురు ధ్యానం.
"గురువు లేచేదాకా కాఫీ తాగుదాం."
తాగాం. రెండేసి కప్పులు.
గురువు లేవలేదు. మీట ఆపి లేపాం.

ఫ్లాపీలు మళ్ళీ రాసింది. మళ్ళీ.
మూడోసారికి నోరు మూసుకుని
రై రొట్టె కోసిపెట్టాను.

ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి,
కొత్త ఊళ్ళో అద్దె ఇంటివాళ్ళు అడిగినట్టు.
నీ చిరునామా ఏమిటి?
నూట తొంభై రెండు, చుక్క, నూట అరవై ఎనిమిది, చుక్క,
నేను టార్చి వెలుగులో కాగితం చదువుతున్నాను,
ఆమె ఒక్కో అంకె కొడుతోంది.
నీ ముసుగేది?
రెండువందల యాభై అయిదు, మూడుసార్లు, ఆపైన సున్నా.
గడప ఎక్కడ? పేర్లు తెలిసినవాళ్ళెవరు?
ఒకచోట చుక్కకు బదులు కామా పడింది.
దానికి గంటంబావు.

చివరికి ఆమె పింగ్ అని కొట్టింది.
ఉన్నావా? అని దానర్థం, అంతే.
హాల్లో కోట్ల వెనక వేలాడే రౌటర్
ఉన్నాను, అంది.
ఉన్నావా? ఉన్నాను.
ఉన్నావా? ఉన్నాను.
ఆపడానికి సినిక్కాకు మనసు రాలేదు.
నలభైకి పైగా లెక్కపెట్టాను నేను,
పెళ్ళైన కొత్తలో
మిల్లు రాత్రి షిఫ్టు నుంచి ఆమె చేసే ఫోన్లలోనూ
ఇంతకన్నా మాటలుండేవి కావు.

తర్వాత వెబ్ పేజీలకు వెళ్ళింది.
ఒక్క తలుపూ తెరుచుకోలేదు.
ఈ కాలపు తాళాలకు
ఆ కాలపు చెవులు సరిపోవు.
వార్తలు వద్దన్నాయి, బ్యాంకు వద్దంది,
లైబ్రరీ కూడా వద్దంది, మర్యాదగానే.
"పోనీ" అంది సినిక్కా, గొంతులో ఏమీ లేకుండా,
మేజోళ్ళు పైకి లాక్కుంటూ.
"టైమెంతో చెప్పేవాళ్ళు తాళం వేసుకోరు."

ఒక వరుస కొట్టింది. ఎంటర్.
తెర పైమూలన అంకెలు కదిలాయి.

దాదాపు నలభై ఎనిమిదేళ్ళు
రెప్పపాటులో దాటేసింది ఆ పెట్టె.
మిల్లు సైరన్ కూయని మొదటి ఉదయం,
మేం అమ్ముకున్న పడవ,
ఆమె కంటి ఆపరేషను,
ఇవేవీ దానికి తెలియవు. తేదీ తెలుసు.

గోడ గడియారం చూశాను. ఎనిమిదీ నలభై.
తెర మీద ఆరూ నలభై.
"మనం ఫిన్లండ్‌లో ఉన్నామని
చెప్పడం మరిచిపోయాను" అంది,
మౌస్ మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసి.

నేను టార్చి ఆర్పాను.
రెండు గంటలేగా.
రేపు చూసుకోవచ్చు.