చేబదులు

రాత్రి రెండుంపావుకి గ్రీనాక్‌లో
మెలకువగా ఉండేవి మూడే:
వాన, పెట్రోలు బంకు, నేను.
బంకు కుర్రాడు నన్ను చూడగానే
ఫ్రిజ్ వైపు చెయ్యి చాపుతాడు, ఏం కావాలని అడగడు.
పొడుగు నీలం డబ్బాలు రెండు.
ఒకటి ఇప్పటికి, ఒకటి అయిదింటికి.
నా గంట జీతంలో మూడోవంతు.

ముందు తాగను.
వాచిన వేళ్ల కణుపుల మీద
చల్లటి రేకు ఆనించుకుంటాను.
నిజం చెప్పాలంటే
ఆ డబ్బా నాకు చేసే మేలు అంతవరకే.
మిగతాదంతా అప్పు.

తర్వాత టప్‌మని మూత.
బబుల్‌గమ్ కరిగించి
అందులో చిల్లర నాణేలు నానబెట్టిన రుచి.
పదకొండేళ్లయినా నాలుకకి అలవాటు కాలేదు.
ఇరవై నిమిషాలకి
ఎవరో నా లోపలి గదుల్లో
ఒక్కొక్క దీపమే వేసుకుంటూ వస్తారు.
ఆ వెలుతురులో చూస్తే
సామానంతా నిన్న పడేసిన చోటే.

దీన్ని అలసట అనకండి.
అలసటకి చివర ఓ నిద్ర ఉంటుంది,
నిద్రకి అవతల ఓ పొద్దు ఉంటుంది.
నాది, తొమ్మిది గంటలు పడుకుని లేచి
పళ్లు తోముకునే బ్రష్ బరువుకి
సింకు అంచు పట్టుకుని నిలబడటం.
మెట్ల మధ్యలో కూలబడి
పైకి పోతున్నానో కిందికి దిగుతున్నానో
మర్చిపోవటం.

లూపస్, అంది డాక్టరమ్మ.
నన్ను కాయాల్సినవే నన్ను తింటున్నాయట.
కంచే చేను మేస్తే
కాపలాకి ఎవర్ని పెట్టుకోవాలో
చీటీలో రాయలేదు.
"ఉన్నంతలోనే ఖర్చుపెట్టుకో సెంగా, ఓపికని" అంది.
ఉన్నంత అంటే ఎంత?
తెల్లారేలోగా రెండువేల రోల్స్,
ఆరున్నరకి షిప్‌యార్డు క్యాంటీను వ్యాను,
ఇంట్లో పద్నాలుగేళ్ల ఇయోనా,
దాని స్కూలు బూట్ల సైజు మళ్లీ పెరిగింది.

మా అక్క మార్సలీ
ఫోన్లో దురదగొండాకు కషాయం తాగమంటుంది,
ఆ విషం మానేయమంటుంది.
మానేస్తానక్కా, అంటాను.
ఆ మాట అనడానికి కావలసిన హుషారు కూడా
డబ్బాలోదే.

అందుకే రేపటి దగ్గరికి వెళ్తాను, చేబదులుకి.
రేపు మంచిది, ఎన్నడూ లేదనదు.
శనివారం మధ్యాహ్నం మాత్రం
గుమ్మంలో నిలబడుతుంది, వడ్డీతో సహా.
పరదాలు దించి పడుకుంటాను,
గుండె చెవుల్లో కొట్టుకుంటూ ఉంటే.
ఇయోనా నెమ్మదిగా తలుపు తీసి
నేను ఊపిరి తీస్తున్నానో లేదో చూసి
నెమ్మదిగా వేసి వెళ్తుంది.
నేను నిద్ర నటిస్తాను.
నటిస్తున్నానని దానికి తెలుసు.

నిన్న రాత్రి,
పదకొండేళ్లలో నాతో
పట్టుమని పది మాటలు మాట్లాడని డూగల్,
పొయ్యి దగ్గరి ముసలాయన,
పిండి జల్లే నా చేయి వణకడం చూశాడు.
ఏమీ అనలేదు.
స్టోర్‌రూములోంచి ఓ చెక్క స్టూలు ఈడ్చుకొచ్చాడు.
ఒక కాలు పొట్టి దానికి.
కింద పిండి సంచి మడిచి పెట్టి
బల్ల దగ్గర వేసి
తన పనికి తను పోయాడు.

నేనెప్పుడూ అడగలేదు, కూర్చోడానికి ఏదైనా కావాలని.
డబ్బానయితే అడగక్కర్లేదు, కొనుక్కుంటే చాలు.
ఒళ్లు బాగోలేదని
దానికి చెప్పుకోనక్కర్లేదు.

కూర్చున్నాను.
కూర్చుని చేసినా రోల్ గుండ్రంగానే వచ్చింది.
మేనేజరు అటు వచ్చి ఒకసారి చూసి వెళ్లాడు,
ఇవాళో రేపో ఏదో అంటాడు.
అననీ.

అయిదింటికి రెండో డబ్బా తీశాను.
తాగలేదని చెప్పను. సగం తాగాను.
మిగతా సగం కిటికీలో పెట్టి మర్చిపోయాను.
తెల్లారేసరికి గ్యాసంతా పోయి
వట్టి తీపినీళ్లయి ఉంది.
డూగల్ దానివైపు చూసి
"కందిరీగలొస్తాయి" అన్నాడు.

పదకొండో మాట.