కంబళి ఒకటి, లోటు

కాయితంలో మా ముత్తాత పేరు ఉస్రియా.
అసిరయ్యా అంటే పలికే మనిషి,
ఏ గుమాస్తా చెవికి ఎలా వినబడ్డాడో.
ఊరు పర్లాకిమిడి, జిల్లా గంజాం, రాజధాని మద్రాసు.
ఒరిస్సా తర్వాతెప్పుడో వచ్చింది.
ఆయన ఇల్లు మారలేదు,
ఇంటి మీది సర్కారు మారింది.

హోదా గడిలో ధోబీ.
తుపాకీ నంబరు గడి ఖాళీ.
పతకం గడిలో ఒక అడ్డగీత,
బట్టలు దించేశాక మిగిలిన దండెంలా.

"యుద్దానికెల్నేదే మా మావ,
యుద్దం గుడ్డలుతకడానికెల్నాడు"
అంది మామ్మ, తమలపాకు ఈనె గిల్లుతూ.
తొంభై దగ్గరపడ్డ ఆమెకి
ఆయన గురించి తెలిసినవి నాలుగు ముక్కలు.
మూడేళ్ళు ఉత్తరాలు రాసి
నేను సంపాదించినవి అయిదు.

నౌపడా దాకా చిన్న రైలు.
అక్కణ్ణించి పెద్ద రైళ్ళు, ఎన్నో లెక్కలేదు.
మహేంద్రతనయలో మోకాలి లోతు తప్ప
వేరే నీళ్ళెరగని మనిషి
సముద్రం పొడుగునా వాంతులు చేసుకుంటూ
బస్రాలో దిగాడు.
అక్కడ చవుడు మట్టి లేదు, బాన లేదు,
చేతికి అలవాటైన రాయి లేదు.
ఆసుపత్రి గుడారాల నుంచి బళ్ళకొద్దీ దుప్పట్లు.

తిరిగొచ్చి చెప్పాడట,
ఆ ఊరి నది రోజుకి రెండుసార్లు వెనక్కి నడుస్తుందని.
రేవంతా పగలబడి నవ్వింది.
అప్పట్నించీ కోతల అసిరయ్య.
"నది ఎటు ఎల్తంది తాతా?"
అని పిల్లలు వెంటపడేవారట.
కొన్నాళ్ళకి చెప్పడం మానేశాడు.

నేను మ్యాపు తెరిచి చూశాను.
సముద్రం పోటెత్తితే
ఆ నీళ్ళు నిజంగానే ఎదురెక్కుతాయి,
రోజుకి రెండుసార్లే.
పరుగున వెళ్ళి మామ్మకి చెప్పాను.
కాసేపు ఏమీ అనలేదు.
"నవ్వినోళ్ళందరూ సచ్చిపోనారు కదే" అంది.

నా పదమూడో ఏట, పరికిణీ చుట్టచుట్టి
వేణ్ణీళ్ళ కాగు వైపు నడుస్తుంటే
అమ్మ జబ్బ పట్టుకు ఆపింది:
నెత్తురుకి చన్నీళ్ళే. వేడి తగిలితే పాతుకుపోద్ది.
అమ్మకి మామ్మ చెప్పింది.
మామ్మకి మొదటి కాన్పు నాడు
గుమ్మం బయట నిలబడి, మొహం పక్కకి తిప్పుకుని
ఆయన చెప్పాడు, ఒకేసారి.
ఎవరెవరి దుప్పట్ల మీద నేర్చుకున్నాడో
ఆ ఒక్క మాట.

కాయితం అడుగున జీతం లెక్క.
కంబళి ఒకటి, లోటు.
రెండు రూపాయల పన్నెండణాలు కోత.
చదివి వినిపిస్తే
మామ్మ బోసినోటితో కడుపారా నవ్వింది.
"దాని మీదేనే మీ తాత పుట్టింది" అని
గెడ్డంతో నా ఇస్త్రీ బల్ల చూపించింది.

పై దుప్పటి తీశాను. కింద చీర, దాని కింద గోనె.
అట్టడుగున
చిల్లులు పడ్డ బూడిదరంగు ఊలు,
అంచులంట పెట్టె వాతలు.
పద్నాలుగేళ్ళుగా
కలెక్టరాఫీసు చొక్కాలూ, పెళ్ళికొడుకుల పంచెలూ
దాని వీపు మీదే సాపు చేస్తున్నాను.

మూలన నల్లజీడి పిక్కతో వేసిన గుర్తు,
మూడు చుక్కలు, ఒక కొక్కెం.
మా ఇంటి గుర్తు రెండు గీతలు.
ఇది మాది కాదు.
ఉతికిచ్చేలోపు
తీసుకోవాల్సిన మంచం ఖాళీ అయిందేమో.
చలేసిందేమో.
ఉత్త దొంగతనమేనేమో కూడా.
అడుగుదామంటే
ఆయన కోతలు కోస్తాడని పేరు.

మళ్ళీ గోనె పరిచాను, చీర, దుప్పటి.
బొగ్గులు రాజుకున్నాయి.
తహసీల్దారు తెల్లచొక్కా సాయంత్రానికి కావాలి.
కాలరు నుంచి మొదలుపెట్టి
ఆ మూలదాకా వచ్చాక
పెట్టెని కొంచెం పైకి లేపి పట్టుకున్నాను.