ఎన్ని అక్షరాలు పడతాయి

బయట మైనస్ ముప్పై ఒకటి.
థండర్ బే అంతా గొంతు బిగుసుకుపోయిన పైపులే.
ఏడు కొట్టకముందే పదకొండు ఫోన్లు,
పన్నెండోది సాఫ్ట్‌వేర్ అమ్మే కుర్రాడిది:
"మేడమ్, డెమోకి రెడీనా?"

ఒక కన్ను స్క్రీన్ మీద వేశాను,
రెండోది గోడమీది తెల్లబోర్డు మీదే ఉంది.
పంతొమ్మిదేళ్లుగా కంపెనీ నడిచింది దానిమీదే.
ఎర్ర అయస్కాంతం ఆర్వో, నీలం లైల్,
ఆకుపచ్చది ఎక్కడో పడిపోయింది,
టెనీల్‌కి మా ఫ్రిజ్ మీంచి తెచ్చిన ప్లాస్టిక్ టమాటా.

అక్టోబర్లో ఎవరిదో భుజం తగిలి
ఒక మంగళవారం మొత్తం చెరిగిపోయింది.
ఐదిళ్లవాళ్లు మాకోసం ఎదురుచూశారు.
ఐదో ఇంట్లో సెల్లార్ నిండింది.
ఆర్వో కాంటోలా టోపీ తీసి బల్లమీద పెట్టి
"రోజలీ, ఏదో ఒకటి కొను,
నాకు మాత్రం చూపించకు" అన్నాడు.

మొదటిది రెండొందల మంది పనివాళ్లకు కుట్టిన కోటు,
మా నలుగురం ఒక్క చేతిలోనే దూరిపోతాం.
తలకింత అని నెలనెలా అద్దె,
ఫోటోలకు వేరే, సంతకానికి వేరే,
మానేయాలంటే ఎంతని అడిగితే
అమ్మేవాడికి దగ్గొచ్చింది.

రెండోది చవక.
నెట్ లేకపోతే నోరు విప్పదు.
మా పనంతా సెల్లార్లలో నాయనా,
సిగ్నల్ కూడా మెట్లు దిగడానికి జంకే చోట.

ఇది మూడోది.
కుర్రాడి పేరు ప్రెస్టన్,
అతని వెనక కిటికీలో చెట్టుకి ఆకులున్నాయి.
వేలితో లాగితే పని
ఒక మనిషి మీంచి ఇంకో మనిషి మీదికి జరుగుతుంది.
బాకీవాళ్లకు మర్యాదగా మూడుసార్లు గుర్తుచేస్తుంది.
నేనైతే ఒక్కసారే, మర్యాద లేకుండా.

"కస్టమర్ గురించి ఎక్కడ రాయాలి?"
పేరు, వీధి, ఫోను, ఇమెయిల్.
"మిగతావి?"
"మిగతావంటే?"

నా ఆరో నోట్‌బుక్ తెరిచాను.
ప్రెస్టన్, విను.

హౌటమాకి గారింట్లో మెయిన్ వాల్వు
ఎడమకి తిప్పితేనే మూసుకుంటుంది.
భర్త బిగించినది. ఆయన లేడు. మార్చనివ్వదు.
మూలింటి కుక్క కరవదు, ఓనరు కరుస్తాడు.
మేడమీద నర్సుది రాత్రి డ్యూటీ,
మధ్యాహ్నం రెండుదాకా తలుపు తట్టొద్దు.
బ్రోజిక్ డబ్బివ్వడు, చేప ఇస్తాడు. తీసుకోండి.
పసుపు రంగు ఇంట్లో గోడవెనక సీసపు పైపుంది,
చంటిపిల్ల ఉంది, చెప్పాం, మళ్లీ చెప్పాలి.

అటునుంచి చప్పుడు లేదు కాసేపు.
"నోట్స్ అని ఒక గడి ఉంది."
"ఎన్ని అక్షరాలు పడతాయి?"
ఎవరూ అడిగినట్టు లేరు ఇంతవరకు.
ఎవరినో కనుక్కుని వచ్చాడు:
రెండొందల యాభై ఐదు.

హౌటమాకి వాల్వుకే చాలవు.

అప్పుడొచ్చాడు లైల్ పెట్రుంకా,
మీసంలో మంచు, చేతిలో పగిలిన ఎల్బో ముక్క.
రోజుకి తొమ్మిది మాటలు దాటని మనిషి,
నలభై ఏళ్ల ఇళ్లన్నీ తలలోనే ఉన్నాయి,
మార్చిలో రిటైరవుతున్నాడు.
నా భుజం మీంచి వంగి చూసి
"ఆ మైకు బొమ్మేంటి?" అన్నాడు.

"నొక్కి మాట్లాడొచ్చు సార్," ప్రెస్టన్ అన్నాడు,
"దానికి లిమిట్ లేదు."

గ్లవ్ పళ్లతో లాగి, తడి బొటనవేలు పెట్టాడు.
పలకలేదు. ప్యాంటుకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు.
"హౌటమాకి," అన్నాడు తెరతో,
కాటా దగ్గర కూరగాయల వాడితో అన్నట్టు.
"నీళ్లకి పల్లం తెలుసు,
ఆ ఇల్లు కట్టినవాడికి తెలీదు.
సెల్లార్లో మూడో మెట్టు ఊగుతుంది.
ఆవిడ కాఫీ ఇస్తుంది, వద్దనకండి, కూర్చోండి.
వాల్వు ముట్టుకునేముందు ఆయన పేరు చెప్పి అడగండి.
పేరు ఓయివా."

నాలుగు నిమిషాలు.
ఆర్వో గుమ్మంలో నిలబడిపోయాడు,
టోపీ మళ్లీ చేతిలోనే.

ట్రయల్ పద్నాలుగు రోజులు.
కార్డు నంబరు అడుగుతోంది తెర, ఇంకా ఇవ్వలేదు.
ధర మిగతా రెంటికీ మధ్యలో ఉంది,
క్యాలెండర్ రంగులు నాకు నచ్చలేదు,
టమాటాని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.
పదమూడో ఫోను మోగుతోంది.
లైల్ కుర్చీ లాక్కున్నాడు,
బూట్ల కింద మంచు కరిగి మడుగవుతోంది.

"తర్వాతి ఇల్లు," అన్నాడు.