ఆరో గుండీ

మా మొంతెవిదేయోలో ఎండాకాలం జనవరిలో వస్తుంది.
ఆదివారం పొద్దున్నే త్రిస్తాన్ నర్వాహా వీధికి
ఖాళీ సంచితో బయల్దేరతాను,
ఇవాళ ఏమీ కొననని ఒట్టేసుకుని.
ఒట్టు రెండో మలుపు దాకా నిలుస్తుంది.

అక్కడ ఏం అమ్మరని అడగాలి.
పిడి ఊడిన కప్పులు, తాళాలు లేని తాళంచెవులు,
పంజరంలో కుందేళ్ళు, దోసిళ్ళకొద్దీ మేకులు,
ఎవరిదో పెళ్ళి ఫోటో, ఫ్రేము ధరకే.
చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే నింపిన సొరబుర్ర,
ఊరు ఊరంతా
మిగిలిన ఒక్క చేత్తోనే బేరమాడుతుంది.

విల్మార్ బట్టల్ని దుప్పటి మీద కుప్పగా పోస్తాడు.
తగిలించడు, మడతపెట్టడు.
"వెతుక్కున్న వాళ్ళకే దొరకాలి" అంటాడు,
బద్ధకానికి వేదాంతం తొడిగి.
మోకాళ్ళ మీద కూర్చుని మోచేతుల దాకా దిగాను.
నైలాను, నైలాను, చలికాలం నాటి ఉన్ని, మళ్ళీ నైలాను,
అప్పుడు వేళ్ళకి
చల్లగా తగిలింది లినెన్.

పసుపు.
నిమ్మపండుది కాదు, గుడ్డు సొనదీ కాదు,
కిటికీ పక్కన మూడేళ్ళు మర్చిపోయిన పుస్తకం అంచుది.
మగవాళ్ళ చొక్కా. భుజాల దగ్గర
నాకంటే నాలుగు వేళ్ళు ఎక్కువ.
ఐదు గుండీలు ముత్యపు చిప్పవి.
ఆరోది గోధుమరంగు, ఏ కోటు నుంచి వలస వచ్చిందో,
నల్లదారంతో కుట్టారు,
కోపంగా ఉన్నప్పుడు కుట్టినట్టు.

"రెండొందలు."
"నూట ఇరవై. గుండీ చూడు, అతుకుల బొంత."
"ఆ గుండీకే నూట ఇరవై" అన్నాడు విల్మార్.
వాడికి నా మొహం చదవడం వచ్చు.
నూట డెబ్బై పెసోలు, పైన ఒక పీచ్ పండు
వాడు తినబోతున్నది.

వారంలో ఆరు రోజులు ఫార్మసీ తెల్లకోటులో ఉంటాను.
దగ్గుమందు అడిగేవాళ్ళకి
నాకు భుజాలున్నాయని కూడా తెలియదు.
ఏడో రోజు నాది.
ఆకుపచ్చ గంటల ప్యాంటు, జాలర్ల చెప్పులు,
మూత పోయిన ఫౌంటెన్ పెన్నుల పాళీలతో
నేనే చేసుకున్న జుంకాలు.
పై అంతస్తు ఒర్ఫీలియా మెట్ల మీద ఆగి చూసి
"చీకట్లో కట్టుకున్నావా?" అంటుంది ప్రతి వారం.
పుర్రెకో బుద్ధి. నా పుర్రెకి ఇది.

ఉతికే ముందు జేబు తడిమితే
చిన్న కాగితం, నాలుగు మడతలు:

అరకిలో ఉల్లిపాయలు
నల్లదారం
ఇనెస్‌కి ఫోన్

అంతే. ఎవరో, ఎప్పుడో.
దారం కొన్నాడు, సాక్ష్యం నా వేళ్ళ మధ్యే ఉంది.
ఉల్లిపాయలు కొనే ఉంటాడు, ఎవరైనా కొంటారు.
మూడోదాని గురించి
చొక్కా నోరు విప్పలేదు.
సింకులో నీళ్ళు టీరంగుకి తిరిగాయి,
కలరా ఉండల వాసన వదిలింది,
దాని కింద పొగాకు, వదల్లేదు.

బాల్కనీలో గంటన్నరకే ఆరింది.
ఇస్త్రీ చేయలేదు, ముడతలు అతనివో నావో తేలాక చూద్దాం.
చేతులు రెండు మడతలు పైకి మడిచి
పీచ్ పండు కొరుక్కుంటూ, రసం మోచేతి దాకా కారుతుంటే
నది ఒడ్డుకి నడిచాను.
గోధుమరంగు నదిని మేమంతా సముద్రమనే అంటాం,
అదీ కాదనదు.
గాలి వచ్చి
భుజాల దగ్గరి ఆ నాలుగు వేళ్ళ జాగాలో కూర్చుంది.

పలెర్మో పేటలో డోళ్ళు కాచుతున్నారు.
చర్మం బిగియడానికి రోడ్డు పక్కనే మంట.
ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చి
"అక్కా, కాగితాలున్నాయా?" అన్నాడు.
సంచి అడుగున పరిచిన పేపరు ఇచ్చేశాను.
జేబులోది ఇవ్వలేదు.

మొదటి దెబ్బ పడగానే వీధి మొత్తం
నడక మర్చిపోయి ఊగడం మొదలెట్టింది.
ఒక ముసలాయన నా ఆరో గుండీ వైపు చూపించి
బొటనవేలు పైకెత్తాడు.
మెచ్చుకోలో, ఊడిపోతోందని హెచ్చరికో.

తిరిగి వస్తూ మూల కొట్లో
అరకిలో ఉల్లిపాయలు కొన్నాను.
ఇంట్లో నిజంగానే అయిపోయాయి.