నేల మీద తొలి చలికాలం

పద్నాలుగు నిమిషాలు పట్టేది
ఫియోర్డుకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి.
ఇరవై ఆరేళ్ళు టికెట్లు చింపాను ఆ పడవలో.
పాల లారీకి, శవపేటిక బండికి,
బడిపిల్లలకి, పెళ్ళివాళ్ళకి
ఒకటే మాట: జాగ్రత్త, మెట్టు జారుతుంది.

ఆఖరి కారు ఎక్కి గొలుసు వేశాక
ఇంజను గది వెచ్చటి గోడకి వీపు ఆనించి
ప్రార్థన చేసుకునేదాన్ని.
పెద్ద మాటలేం కాదు.
పేర్లు. వరసగా పేర్లు.
మోకాలి ఆపరేషనుకి వెళ్తున్న రాగ్న్‌హిల్,
అప్పుల్లో మునిగిన బేకరీ అతను,
ఎవరితోనూ మాట్లాడని ఎర్ర వ్యానువాడు
(వాడి పేరు నాకు తెలీదు, ప్రభువుకి తెలుసు).
అవతలి గట్టు దడాల్న తగిలితే
అదే నా ఆమెన్.

సెప్టెంబరులో సొరంగం తెరిచారు.
రిబ్బను కోశారు, బాకాలు ఊదారు,
అందరికీ సాసేజీలు పంచారు.
నేనూ ఒకటి తిన్నాను, అబద్ధమెందుకు.
ఇప్పుడు మూడే నిమిషాలు,
సముద్రం అడుగు నుంచి, చుక్క తడవకుండా.
పడవని దక్షిణాన ఎవరికో అమ్మేశారు.
దానితో పాటే నా నిలకడా పోయింది.
అలల మీద ఇరవై ఆరేళ్ళు నిలబడ్డ కాళ్ళు
వంటింట్లో తూలాయి.

చెప్పుకోడానికి సిగ్గు.
ఆ రోజుల్లో నోట ప్రార్థన రాలేదు.
మోకరిస్తే మంచం కింద దుమ్ము కనిపించేది,
లేచి ఊడ్చేదాన్ని.
మా మందిరంలో తొమ్మిదిమందిమి.
మూడు వారాలకోసారి వచ్చే పాస్టరు,
ఇప్పుడు ఆయనా సొరంగంలోంచే వస్తాడు,
నీళ్ళ మీద అడుగేసి మునగబోయిన
జాలరి సంగతి చెప్పాడు ఒక ఆదివారం.
మనసులో అనుకున్నాను:
అయ్యా, నీళ్ళతో నాకు పేచీ లేదు,
నేల మీద నడవడం ఎలాగో చెప్పండి.

నవంబరులో పని దొరికింది
వృద్ధుల ఆశ్రమంలో, బట్టలుతికే గదిలో.
కిటికీ లేదు.
ఉన్నా ఏం లాభం, మధ్యాహ్నం మూడింటికే చీకటి.
దుప్పట్లు, తువ్వాళ్ళు, జత తప్పిన మేజోళ్ళు.
తప్పిపోకుండా ప్రతి మేజోడు మీదా
ఎవరో కూతురో కోడలో
తెల్లదారంతో కుట్టిన పేరు.

మూడో ఆరబెట్టే యంత్రం ముసలిది.
గడగడమంటుంది, దగ్గుతుంది, ఆగదు.
ఒకరోజు నడుం నొప్పెట్టి
దానికి వీపు ఆనించాను.
వెచ్చగా ఉంది. వణుకుతోంది.
చేతిలో ఉన్న మేజోడు తిప్పి చూశాను,
పైకే చదివాను.
తర్వాత ఇంకోటి. ఇంకోటి.
బుట్ట అడుక్కి వచ్చేసరికి
యంత్రం గంట కొట్టింది.
ఆమెన్ అన్నానో లేదో గుర్తు లేదు.

అడుగున ఉన్న జత ఐలర్ట్‌ది,
మా కెప్టెనుది.
పై అంతస్తుకి నేనే పట్టుకెళ్ళాను.
ముప్ఫయ్యేళ్ళు చక్రం పట్టిన చేతులతో
మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.
నన్ను చూసి, భార్య పేరు మరిచిన మనిషి,
"సిన్నోవే, తాడు విప్పారా?" అన్నాడు.

నేల మీద కూర్చుని
చల్లటి ఆ కుడిపాదం ఒళ్ళో పెట్టుకున్నాను.
మడమ పగుళ్ళు. పసుపు గోళ్ళు.
పడవ లేదని చెప్పొచ్చు.
లేదనే చెప్పబోయాను.

"ఇంకా లేదు కెప్టెన్,
ఒక కారు రావాలి."

"ఎవరిది?"

"ఆ ఎర్ర వ్యాను."

కిటికీలోంచి కాసేపు చూశాడు.
బయట మంచు, పార్కింగు దీపం,
దాని కింద ఎవరూ లేరు.

"ఆగుదాం," అన్నాడు.
"ఈ చలిలో పాపం, వాడికి వేరే దారి లేదు."

రెండో మేజోడు ఇంకా నా చేతిలోనే ఉంది,
యంత్రం వెచ్చదనం పోకుండా.